వికాస మనస్తత్వశాస్త్రంపై వికీ వ్యాసాన్ని బాగుచేయడం: వాక్యం వాక్యంగా చేయాల్సిన పని

మనిషి వయసుతో పాటు ఎలా మారతాడో పరిశీలించే వికాస మనస్తత్వశాస్త్రం మీద వికీలో ఉండే వ్యాసం సమాచారం తక్కువై చెడిపోవడం అరుదు. సిద్ధాంతకర్తలు చెప్పిన ఎదుగుదల దశల్ని పియాజే నాలుగు దశలు, ఎరిక్‌సన్ ఎనిమిది, కోల్‌బర్గ్ ఆరు, ఫ్రాయిడ్ ఐదు అంటూ వరసగా పేర్చి, ఒక్కోదానికి ఒక పట్టిక తగిలించి, అడుగున నాలుగు మూలాలు ఇస్తే వ్యాసం నిండుగానే కనబడుతుంది. అయితే ఆ దశల్ని ఎవరి మీద, ఏ వయసులో, ఎలా పరీక్షించి చెప్పారో అందులో ఉండదు. తర్వాతి దశాబ్దాల్లో ఏది నిలబడింది, ఏది వీగిపోయింది అన్న ఊసే ఉండదు. చదివినవాళ్లకు పరీక్షకు పనికొచ్చే నోట్సు దొరుకుతుంది, అంతే. కాబట్టి ఇక్కడ అసలు పని కొత్త పేరాలు కలపడం కాదు. ఉన్న ప్రతి ముఖ్యమైన వాక్యానికీ నాలుగు సంగతులు సమకూర్చాలి: వయసు, నమూనా (ఎవరెవరిని పరీక్షించారు), పద్ధతి, ఆ తర్వాత ఏమైంది.

ముందు ఉన్నదాన్ని తరచి చూడండి

వ్యాసం మొత్తాన్ని కాపీ చేసి విడిగా ఒక ఫైల్లో పెట్టుకోండి. వాక్యానికో లైను చొప్పున విడగొట్టి, పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: మూలం ఉంది, మూలం లేదు, మూలం ఉంది గానీ అందులో ఈ మాట లేదు. ఈ మూడోదే ప్రమాదం. మూలం లేని వాక్యాన్ని పాఠకులు కాస్తయినా అనుమానిస్తారు, చివర చిన్న అంకె కనబడితే నమ్మేస్తారు. అందుకని ప్రతి మూలాన్నీ తెరిచి చూడాల్సిందే. పేజీ సంఖ్య లేకుండా ఆరేడు వందల పేజీల పుస్తకాన్ని చూపించినవి, సారాంశం మాత్రమే చదివి రాసినవి, పత్రికా వార్తను పరిశోధనగా చూపినవి బయటపడతాయి. చాట్‌బాట్ల పుణ్యమా అని ఇప్పుడు ఇంకో రకం చేరింది: రచయిత నిజం, జర్నల్ నిజం, ఆ శీర్షికతో వ్యాసం మాత్రం ఎక్కడా లేదు. డీఓఐ (పత్రానికి ఇచ్చే శాశ్వత లింకు) నొక్కితే వేరే పత్రం తెరుచుకుంటుంది, లేదా ఏమీ తెరుచుకోదు. జర్నల్ సైటులో ఆ సంపుటి, ఆ పేజీ వెతకండి. అక్కడా లేకపోతే మూలాన్నీ, దాని మీద ఆధారపడిన వాక్యాన్నీ రెంటినీ తీసేయండి. వాక్యాన్ని ఉంచేసి మూలం కావాలన్న మూస తగిలించడం సరిపోదు, ఎందుకంటే ఆ వాక్యం కూడా అదే చోట పుట్టి ఉంటుంది.

తర్వాత ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే చరిత్ర పేజీ. వ్యాసంలో గొంతు ఉన్నట్టుండి మారిన చోట ఆగండి. శాస్త్రం చెబుతున్న పేరా మధ్యలో "మీ బిడ్డతో రోజూ కబుర్లు చెప్పండి" అని వచ్చిందంటే అది పెంపకం కరపత్రం నుంచి వచ్చి ఉండొచ్చు. "ఉపాధ్యాయుడు చేయవలసినవి" అని వచ్చిందంటే శిక్షణ గైడు నుంచి. అందులోంచి ఓ విలక్షణమైన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతకండి. కాపీ అని తేలితే ఆ భాగాన్ని తొలగించి సొంతంగా మళ్లీ రాయాలి. మాటలు అటూ ఇటూ మార్చినంత మాత్రాన కాపీహక్కు చిక్కు పోదు. చర్చ పేజీ కూడా ఓసారి పైనుంచి కిందికి చదవండి. ఇదివరకే తేలిన వివాదాన్ని మళ్లీ తవ్వితే పనిలో సగం కాలం వాదనకే పోతుంది.

ఏ మూలం ఏ పనికి

ఈ రంగంలో మూలాల వరస స్పష్టంగానే ఉంటుంది. అన్నిటికంటే పైన సమీక్షా పత్రాలు, మెటా విశ్లేషణలు (అనేక అధ్యయనాల ఫలితాల్ని కలిపి లెక్కించేవి), పరిశోధకుల కోసం రాసిన హ్యాండ్‌బుక్కులు. లెర్నర్ ప్రధాన సంపాదకత్వంలో 2015లో నాలుగు సంపుటాలుగా వచ్చిన చైల్డ్ సైకాలజీ హ్యాండ్‌బుక్ ఏడో కూర్పు, 2019 నుంచి వస్తున్న యాన్యువల్ రివ్యూ ఆఫ్ డెవలప్‌మెంటల్ సైకాలజీ మంచి ఆరంభాలు. వాటి తర్వాత విశ్వవిద్యాలయ స్థాయి పాఠ్యపుస్తకాలు. విడి ప్రయోగ పత్రాలను రెండు పనులకే వాడండి: ఆ ప్రయోగం ఎలా చేశారో వర్ణించడానికి, ఫలానా సంవత్సరంలో ఫలానావాళ్లు ఫలానాది ప్రతిపాదించారని చరిత్ర చెప్పడానికి. "కాబట్టి పిల్లలు ఇలా ఉంటారు" అన్న నిర్ధారణకు ఒక్క ప్రయోగం చాలదు. పోటీ పరీక్షల గైడ్లు, పెంపకం బ్లాగులు, విశ్వవిద్యాలయాల పత్రికా ప్రకటనలు అసలే వద్దు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ, ఎదుగుదల ఆలస్యం లాంటి వాటి జోలికి వెళ్లిన వాక్యాలకు వైద్య విషయాల నియమం వర్తిస్తుంది. అక్కడ ఇటీవలి, వీలైతే గత ఐదేళ్ల లోపు సమీక్షలు, అధికారిక మార్గదర్శకాలు మాత్రమే వాడాలి.

చందా కడితే గానీ తెరుచుకోని జర్నళ్ల కోసం వికీపీడియా లైబ్రరీ ఉంది. ఖాతాకు ఆరు నెలల వయసు, మొత్తం 500 దిద్దుబాట్లు, గత 30 రోజుల్లో 10 దిద్దుబాట్లు ఉండి, నిరోధం ఏదీ లేకపోతే ప్రవేశం దొరుకుతుంది. అది లేనివాళ్లు రచయితల సొంత పేజీల్లో ఉండే ప్రతుల్ని, పబ్‌మెడ్ సెంట్రల్‌ను చూడొచ్చు.

పుస్తకం నుంచి పుస్తకానికి పాకే తప్పులు

కొన్ని తప్పులు ఎంత పాతుకుపోయాయంటే మంచి పాఠ్యపుస్తకాల్లోనూ కనబడతాయి. ఏ వ్యాసం తెరిచినా ముందు వీటినే వెతకండి, పది నిమిషాల్లో పది దిద్దుబాట్లు దొరుకుతాయి.

"స్కాఫోల్డింగ్ భావనను వైగోట్‌స్కీ ప్రతిపాదించాడు" అన్నది అన్నిటికంటే ముందుండే తప్పు. వైగోట్‌స్కీ 1934లోనే చనిపోయాడు. పెద్దవాళ్లు అవసరమైనంత ఆసరా ఇస్తూ నేర్పడం అన్న అర్థంలో ఆ మాటను వాడింది వుడ్, బ్రూనర్, రాస్, 1976లో. వైగోట్‌స్కీ చెప్పింది సామీప్య వికాస మండలం, అంటే బిడ్డ ఒంటరిగా చేయగలదానికీ సాయంతో చేయగలదానికీ మధ్య ఉన్న దూరం. రెంటికీ పోలిక కుదిర్చింది తర్వాతివాళ్లు. ఇదే వరసలో పెంపకం శైలులు నాలుగూ బామ్‌రిండ్ ఖాతాలో వేస్తారు. ఆమె 1960లలో చెప్పినవి మూడు. పట్టించుకోని తల్లిదండ్రుల రకం విడిగా నిలిచింది మకోబీ, మార్టిన్ 1983లో చేసిన పునర్విభజనతో. అనుబంధ రకాలు (పెంచేవాళ్లతో బిడ్డకు ఉండే బంధం తీరులు) నాలుగూ ఎయిన్స్‌వర్త్‌వి అనడమూ అంతే. ఆమెవి మూడు, అస్తవ్యస్త రకాన్ని 1980లలో చేర్చింది మెయిన్, సాలమన్. ఎరిక్‌సన్ పట్టికలో తొమ్మిదో దశ కనబడితే దాన్ని రాసింది ఆయన భార్య జోన్ అని, అది ఆయన మరణానంతరం 1997 కూర్పులో వచ్చిందని చెప్పాలి. బ్రోన్‌ఫెన్‌బ్రెనర్ వలయాల బొమ్మ (బిడ్డ చుట్టూ ఉన్న పరిసరాల్ని ఒకదాని చుట్టూ ఒకటిగా చూపేది) కింద 1979 అని రాసి అందులో కాలవ్యవస్థను కూడా గీస్తారు. 1979 పుస్తకంలో నాలుగు వ్యవస్థలే ఉన్నాయి, కాలాన్ని ఆయన తర్వాత చేర్చాడు.

కోల్‌బర్గ్ చెప్పిన నైతిక తర్కం దశల సంగతి ఇంకాస్త వివరంగా చూడాలి. 1958 నాటి సిద్ధాంత గ్రంథానికి ఆయన మాట్లాడింది చికాగో ప్రాంతపు 10, 13, 16 ఏళ్ల అబ్బాయిలతో, మొత్తం 72 మందితో. ఒక్క అమ్మాయి లేదు. ఈ ముక్క లేకుండా ఆరు దశల పట్టిక ఇస్తే అది మనుషులందరి గురించి అన్నట్టు ధ్వనిస్తుంది. పైగా ఆరో దశ చేరినవాళ్లు దాదాపు దొరక్కపోవడంతో, తర్వాతి మదింపు మాన్యువల్‌లోంచి ఆ దశనే తీసేశారు. ఇది పట్టిక కింద ఒక్క వాక్యంగా ఉంటే చాలు. ఇక విమర్శ అనగానే ఆ దశలు స్త్రీల నైతిక దృష్టిని తక్కువ చేస్తాయన్న గిలిగన్ 1982 పుస్తకాన్ని చెప్పి ఊరుకుంటారు. వాకర్ 1984లో చేసిన సమీక్షలో నైతిక తర్కంలో స్త్రీపురుష భేదం పెద్దగా కనబడలేదని కూడా చెప్పకపోతే పాఠకులు సగం వాదనే విన్నట్టు. విమర్శకు వచ్చిన జవాబు కూడా విమర్శ పక్కనే ఉండాలి.

విజువల్ క్లిఫ్ (గాజు కింద లోతు కనబడేలా చేసిన బల్ల) గురించి "లోతును గ్రహించే శక్తి పుట్టుకతోనే ఉంటుందని నిరూపించింది" అని రాస్తారు. గిబ్సన్, వాక్ 1960లో పరీక్షించిన 36 మంది అప్పటికే పాకుతున్న పిల్లలు, వయసు ఆరు నెలల నుంచి 14 నెలల దాకా. మధ్య పలక మీద నుంచి కదిలినవాళ్లు 27 మంది, లోతు కనబడే వైపుకు వెళ్లింది ముగ్గురే. పాకడం వచ్చేనాటికి లోతును గుర్తిస్తున్నారని చెప్పడానికి ఇది సరిపోతుంది, పుట్టుక గురించి ఏమీ చెప్పదు. ఇంకా పాకని పిల్లల్ని 1970లో క్యాంపోస్ బృందం లోతు వైపు పడుకోబెట్టి చూస్తే గుండె వేగం తగ్గింది. అది ఆసక్తికి గుర్తు, భయానికి కాదు. ఈ రెండు ప్రయోగాల్నీ పక్కపక్కన పెడితేనే గుర్తించడం వేరు, భయపడడం వేరు అన్న అసలు సంగతి తెలుస్తుంది.

అనుబంధ రకాన్ని తేల్చే స్ట్రేంజ్ సిట్యుయేషన్ ప్రయోగం వర్ణనలో దొర్లే పొరపాటు చిన్నదే గానీ అర్థాన్ని తలకిందులు చేస్తుంది. తల్లి గది వదిలి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్న దాన్నిబట్టి వర్గీకరిస్తారని రాస్తారు. ఎనిమిది ఘట్టాల్లో, ఒక్కోటి సుమారు మూడు నిమిషాలు, ఎక్కువ బరువు ఉన్నది తల్లి తిరిగొచ్చాక బిడ్డ ఎలా ప్రవర్తించిందన్న దానికి. ఆ వెంటనే "ఫలానా దేశపు పిల్లలు ఎక్కువగా ఫలానా రకం" అనే వాక్యం వస్తుంది. వాన్ ఐజెన్‌డోర్న్, క్రూనెన్‌బర్గ్ 1988లో ఎనిమిది దేశాల 32 నమూనాలను కలిపి చూస్తే, దేశాల మధ్య తేడా కంటే ఒకే దేశంలోని నమూనాల మధ్య తేడా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా కనబడింది. ఆ ఒక్క మూలంతో అలాంటి వాక్యాలు చాలా వరకు తీసేయొచ్చు.

ఒక వాక్యాన్ని విప్పి చూద్దాం

ఇలాంటి వ్యాసాల్లో తరచూ కనబడే వాక్యం: "ఎనిమిది నెలల లోపు పిల్లలకు వస్తు స్థిరత్వం ఉండదని పియాజే నిరూపించాడు."

వస్తు స్థిరత్వం అంటే కనబడకపోయినా వస్తువు ఉంటుందన్న అవగాహన. ఈ వాక్యంలో మూడు లోపాలున్నాయి. నిరూపించాడు అన్న క్రియ ఒకటి. ఏం చేసి చూశాడో లేకపోవడం రెండు. ఆ మాట అక్కడితో ఆగిపోవడం మూడు. మూలాలు దగ్గర పెట్టుకుని తిరగరాస్తే ఇలా వస్తుంది:

"పియాజే తన ముగ్గురు పిల్లల్ని పరిశీలించి, ఒక బొమ్మను బట్ట కింద దాచితే దాని కోసం వెతకడం సుమారు ఎనిమిదో నెలలో మొదలవుతుందని రాశాడు. ఎనిమిది నుంచి పన్నెండు నెలల మధ్య పిల్లలు, బొమ్మను కళ్లెదుటే రెండో చోట దాచినా, మొదట దొరికిన చోటే వెతుకుతారని కూడా గమనించాడు. 1985లో బయార్జాన్, స్పెల్కీ, వాసర్‌మన్ వెతకడం మీద కాక చూపు మీద ఆధారపడ్డారు. తిరిగే తెర వెనుక పెట్టె ఉన్నా తెర పూర్తిగా వెనక్కి వాలిపోయినట్టు చూపినప్పుడు ఐదు నెలల పిల్లలు ఎక్కువసేపు చూశారు. పెట్టె ఇంకా అక్కడే ఉందని పిల్లలకు తెలుసనడానికి దీన్ని వాళ్లు ఆధారంగా తీసుకున్నారు. ఎక్కువసేపు చూడడాన్ని అంత గొప్ప అవగాహనకు సాక్ష్యంగా తీసుకోవచ్చా అని 1998లో హెయిత్ ప్రశ్నించాడు."

ఒక్క వాక్యం ఆరు వాక్యాలయింది, కానీ ఎవరి మీద, ఎలా, ఏ వయసులో అన్నవన్నీ వచ్చాయి. చివరి వాక్యం తలుపు మూసేయకుండా వదిలిందని గమనించండి. అసలు పరిశోధకుల్లోనే తేలని వివాదాన్ని వికీ వ్యాసం తేల్చకూడదు. తీర్పు చెప్పాలన్న ఉబలాటం ఎక్కువైతే సమీక్షా పత్రంలో ఎవరు ఆ తీర్పు చెప్పారో వాళ్ల పేరు మీదే పెట్టండి.

ఇంకో రెండు చోట్ల ఇదే తీరు పాటించండి. నవజాత శిశువులు ముఖకవళికలను అనుకరిస్తారన్న మెల్ట్‌జాఫ్, మూర్ 1977 పత్రాన్ని చెబితే, 2016లో ఊస్టెన్‌బ్రూక్ బృందం 106 మంది శిశువుల్ని తొమ్మిది వారాల వయసు దాకా నాలుగుసార్లు పరీక్షించి అనుకరణకు ఆధారం కనబడలేదని రాసిన సంగతీ, ఆ విశ్లేషణను మెల్ట్‌జాఫ్ బృందం 2018లో తప్పుబట్టిన సంగతీ చెప్పాలి. మార్ష్‌మెలో పరీక్ష (ఇప్పుడే ఒక మిఠాయి తింటారా, ఆగి రెండు తీసుకుంటారా అని పిల్లల్ని చూసేది) దగ్గర స్టాన్‌ఫర్డ్ నర్సరీ పిల్లల మీద మిషెల్ బృందం చెప్పినది మాత్రమే ఉంటే, 2018లో వాట్స్, డంకన్, క్వాన్ 900 మందికి పైగా పిల్లలతో చేసిన పునఃపరిశీలనను చేర్చండి. అందులో ఆగగలగడానికీ కౌమారంలో చదువుకూ ఉన్న సంబంధం మొదటి అధ్యయనాల్లో కనబడినదానిలో సగమే ఉంది. కుటుంబ నేపథ్యం, అప్పటి తెలివితేటల లాంటి వాటిని లెక్కలోకి తీసుకున్నాక అందులోనూ మూడింట రెండొంతులు తగ్గింది. "ఆ పరీక్ష తప్పని తేలింది" అని మాత్రం రాయకండి. తగ్గింది అంటే తగ్గిందనే రాయాలి.

వయసులు రాసేటప్పుడు

"బిడ్డ 12 నెలలకు నడుస్తుంది" అన్న వాక్యం చదివి ఎంతమంది తల్లిదండ్రులు కంగారు పడి ఉంటారో చెప్పలేం. వయసును ఒక్క అంకెగా ఎప్పుడూ ఇవ్వకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఐదు దేశాల పిల్లలతో రూపొందించిన కదలికల ప్రమాణాల్లో ఆసరా లేకుండా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు, ఆసరా లేకుండా కూర్చోవడానికి 3.8 నుంచి 9.2 నెలలు, చేతులు, మోకాళ్ల మీద పాకడానికి 5.2 నుంచి 13.5 నెలలు అని ఉంది. ఈ హద్దులు 1వ, 99వ పర్సెంటైళ్లు (నూటికి ఒకరు మొదటి హద్దు కంటే ముందే, ఒకరు రెండోదాని తర్వాత చేస్తారని) అన్న మాట కూడా పక్కనే రాయాలి, లేకపోతే చదివేవాళ్లు దాన్ని సగటు అనుకుంటారు. అదే అధ్యయనంలో 4.3 శాతం మంది పిల్లలు అసలు అలా పాకనే లేదు. పాకడం తప్పనిసరి మెట్టు అన్న వాక్యం ఎక్కడుంటే అక్కడ తీసేయొచ్చు.

ఇక్కడ ఓ ఉచ్చు ఉంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022లో సవరించిన జాబితాలు వేరే లెక్క మీద నడుస్తాయి: ఆ వయసుకు కనీసం 75 శాతం మంది పిల్లలు చేయగలిగే పనినే అందులో పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుల్నీ, సీడీసీ వయసుల్నీ ఒకే పట్టికలో పక్కపక్క గడుల్లో వేస్తే రెండూ తప్పుదోవ పట్టిస్తాయి. ఒకటి ఎంచుకోండి, లేదా రెండు పట్టికలు పెట్టి ఒక్కోదాని పైన లెక్క ఏమిటో రాయండి. పియాజే దశల పట్టికలోనూ ప్రతి వయసుకు ముందు "సుమారు" పడాలి. ఆయనే వరస మారదన్నాడు గానీ వయసులు మారవనలేదు.

పద్ధతుల విభాగం, అందరూ వదిలేసేది

ఎక్కువ వ్యాసాల్లో ఇది రెండు లైన్లు ఉంటుంది. నిజానికి ఈ శాస్త్రాన్ని మిగతా మనస్తత్వశాస్త్రం నుంచి వేరు చేసేది ఇదే కాబట్టి మీ సమయంలో పెద్ద వాటా దీనికే ఇవ్వండి.

మొదట వయసుల్ని పోల్చే రెండు దారులు. ఒకే రోజున 20 ఏళ్లవాళ్లనీ 70 ఏళ్లవాళ్లనీ పరీక్షిస్తే అది తిర్యక్ పద్ధతి. అందులో కనబడిన తేడా వయసు వల్ల వచ్చిందా, వేర్వేరు కాలాల్లో పుట్టి వేర్వేరు చదువులు చదివినందువల్ల వచ్చిందా చెప్పలేం. అవే మనుషుల్ని ఏళ్ల తరబడి వెంబడిస్తే అనుదైర్ఘ్య పద్ధతి. అందులో మధ్యలో జారిపోయేవాళ్లు సాధారణంగా ఆరోగ్యం, చదువు తక్కువ ఉన్నవాళ్లు కావడంతో మిగిలినవాళ్ల సగటు ఉన్నదానికంటే బాగా కనబడుతుంది. అదే పరీక్షను పదేపదే రాసిన అలవాటు కూడా మార్కులు పెంచుతుంది. రెంటినీ కలిపిన పద్ధతికి మంచి ఉదాహరణ షాయ్ 1956లో మొదలుపెట్టిన సియాటిల్ అధ్యయనం. ఏడేళ్లకోసారి పాతవాళ్లను మళ్లీ పరీక్షిస్తూ కొత్తవాళ్లను చేర్చుకుంటూ వెళ్లారు. తిర్యక్ లెక్కల్లో మేధాశక్తి ముందే తగ్గినట్టు కనబడగా, వెంబడించిన లెక్కల్లో ఆ తగ్గుదల చాలా ఆలస్యంగా మొదలైంది. ఈ ఒక్క ఉదాహరణ చెబితే నిర్వచనాలకు వేరే పేరా అక్కర్లేదు. జారిపోకుండా పట్టుకున్న అధ్యయనం కావాలంటే న్యూజిలాండ్‌లోని డునెడిన్‌ది ఉంది. 1972-73లో పుట్టిన 1037 మందిలో, బతికున్నవాళ్లలో 90 శాతం పైగా నడివయసు దాకా కొనసాగారు.

శిశువుల్ని ప్రశ్నలు అడగలేం కాబట్టి చూపు, చప్పరింపు, గుండె వేగం లాంటివే కొలమానాలు. ఫాంట్జ్ 1960ల మొదట్లో వాడిన చూపు ప్రాధాన్య పద్ధతి (రెండు బొమ్మల్లో బిడ్డ దేన్ని ఎక్కువసేపు చూస్తుందో కొలిచేది), అలవాటు పడ్డాక కొత్తదనానికి స్పందన కొలిచే పద్ధతి రెంటినీ ఒక్కో పేరాలో చెప్పండి. బిడ్డ నిద్రపోవడం, ఏడవడం వల్ల ఎంతోమంది పిల్లల ఫలితాలు చెత్తబుట్టలో పడతాయని, ప్రయోగశాలకు వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి ఒక్కో అధ్యయనంలో పిల్లల సంఖ్య చిన్నదిగా ఉంటుందని కూడా రాయండి. ఆ చిన్న సంఖ్యల సమస్యకు జవాబుగానే మెనీబేబీస్ లాంటి ఉమ్మడి ప్రాజెక్టులు వచ్చాయి. వాటి మొదటి అధ్యయనం 2020లో అచ్చయింది, 67 ప్రయోగశాలలు పాల్గొన్నాయి.

కారణం, సంబంధం మధ్య గీత ఇక్కడే గీయాలి. పెంపకం శైలికీ మార్కులకూ సంబంధం కనబడిందంటే శైలి వల్ల మార్కులు వచ్చాయని కాదు. పిల్లవాడి స్వభావాన్నిబట్టి తల్లిదండ్రుల తీరు మారి ఉండొచ్చు, ఇద్దరిలోనూ ఉన్న జన్యువులు కారణం కావచ్చు. నిజంగా లాటరీ పద్ధతిలో పిల్లల్ని రెండు గుంపులుగా విడదీసిన అరుదైన ఉదాహరణగా బుకారెస్ట్ అధ్యయనాన్ని చూపొచ్చు. రొమేనియా అనాథాశ్రమాల్లోని 136 మందిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి పోల్చారు. దానిమీద వచ్చిన నైతిక ప్రశ్నలకూ ఓ వాక్యం కేటాయించండి.

నమూనాల్లో ఎక్కువమంది పాశ్చాత్య, చదువుకున్న, సంపన్న సమాజాలవాళ్లేనన్న హెన్రిక్, హైనే, నోరెన్‌జయాన్ 2010 విమర్శను చివర "విమర్శలు" అన్న శీర్షిక కింద పాతరేయకండి. ఏ అధ్యయనం గురించి చెబుతుంటే అక్కడే పిల్లలు ఎక్కడివాళ్లో రాస్తే విమర్శ దానంతటదే అర్థమవుతుంది.

దేనికి ఎంత చోటు

పేరులో శిశువు లేకపోయినా చాలా వ్యాసాలు కౌమారంతో ఆగిపోతాయి. ప్రేయర్ 1882 పుస్తకం, డార్విన్ తన కొడుకు గురించి 1877లో అచ్చువేసిన పరిశీలన, స్టాన్లీ హాల్ 1904 నాటి కౌమార గ్రంథం వంటి చరిత్ర అంతా పిల్లల చుట్టూ తిరిగినా, వికాసం జీవితమంతా సాగుతుందన్న బాల్టెస్ తర్వాత ఈ రంగం పుట్టుక నుంచి ముసలితనం దాకా అన్నది మామూలైపోయింది. వయోజన దశకు, వార్ధక్యానికి కలిపి వ్యాసంలో కనీసం ఐదో వంతు చోటు ఇవ్వడం సబబు. ఆ చోటు పియాజే నుంచి తీసుకోవచ్చు. ఆయనకు వేరే వ్యాసం ఉంటుంది కాబట్టి ఇక్కడ రెండు పేరాలు, పైన "ప్రధాన వ్యాసం" లింకు చాలు. ఫ్రాయిడ్ ఐదు దశల పట్టికను చరిత్రలోకి మార్చేయండి. ఈనాటి పరిశోధన దాని మీద నడవడం లేదు, పక్కనున్న సిద్ధాంతాలతో సమానంగా పట్టిక వేస్తే అలా నడుస్తున్నట్టు కనబడుతుంది.

వాక్యాల తీరు

నిరూపించారు అన్న క్రియను ఫైండ్ బటన్‌తో వెతికి దాదాపు ప్రతిచోటా మార్చండి. గమనించారు, కనబడింది, వాదించారు, ప్రతిపాదించారు అన్నవి చాలు. అధ్యయనంలో ఉన్నది తల్లులే అయితే తల్లి అనే రాయాలి, తండ్రులు, తాతలు, అమ్మమ్మలు కూడా ఉంటే పెంచేవాళ్లు అనాలి. ఉన్నదాన్ని మార్చి సర్వసమ్మతంగా చేయకండి. ఆటిజం ఉన్న పిల్లల్ని పోల్చేటప్పుడు అవతలి గుంపును "మామూలు పిల్లలు" అనడం వదిలేయండి. కోతుల మీద చేసిన ప్రయోగమైతే వాక్యం మొదట్లోనే రీసస్ కోతులు అన్న మాట రావాలి. హార్లో గురించి చదివేవాళ్లు మూడో వాక్యం దాకా పిల్లల గురించే అనుకోకూడదు. సలహాలు పూర్తిగా తీసేయండి. విజ్ఞానసర్వస్వం ఎవరికీ బిడ్డను ఎలా పెంచాలో చెప్పదు.

మార్పులు చేసే తీరు

అంతా ప్రయోగశాల పేజీలో (వికీలో మీ సొంత సాధన పేజీ) రాసుకుని ఒక్కసారిగా వ్యాసం మీద కుమ్మరిస్తే ఎవరూ సరిచూడలేరు, తిరగ్గొట్టడమే తేలిక అనిపిస్తుంది. ఒక్కో విభాగం, ఒక్కో దిద్దుబాటు చొప్పున వెళ్లండి. సారాంశం గడిలో "చిన్న సవరణలు" అని కాక ఏం చేశారో రాయండి: "స్కాఫోల్డింగ్ వైగోట్‌స్కీది కాదు, 1976 పత్రం మూలంగా చేర్చాను". పెద్ద విభాగం తీసేసే ముందు చర్చ పేజీలో కారణంతో ఒక మాట పెట్టి, వారం రోజులైనా ఆగండి. ఎవరైనా తిరగ్గొడితే మళ్లీ తిరగ్గొట్టకుండా అదే పేజీకి వెళ్లి మూలం చూపించండి.

వాక్యాన్ని ఒక పేరా నుంచి ఇంకో పేరాకు జరిపినప్పుడు మూలం పాత చోటే ఉండిపోవడం, పలుచోట్ల వాడుకునేలా పేరు పెట్టిన మూలం అసలు ప్రతిని తొలగించడంతో మిగతాచోట్ల ఎర్ర హెచ్చరిక రావడం తరచూ జరుగుతాయి. ప్రతిసారీ మునుజూపులో (భద్రపరిచే ముందు కనబడే రూపంలో) మూలాల జాబితా చివరిదాకా చూడండి. వేరే భాష వికీ నుంచి అనువదిస్తే సారాంశంలో ఆ వ్యాసం లింకు ఇవ్వడం లైసెన్సు నియమం, మర్యాద కోసం చేసే పని కాదు. అక్కడి మూలాల్ని కూడా మీరు తెరిచి చూశాకే ఇక్కడికి తేవాలి, లేకపోతే వాళ్ల తప్పులు కూడా దిగుమతి అవుతాయి. పాఠ్యపుస్తకం బొమ్మను స్కాన్ చేసి ఎక్కించకూడదు, అదే సమాచారంతో సొంతంగా గీసి కామన్స్‌లో పెట్టండి. గుర్తుపట్టేలా ఉన్న పిల్లల ఫొటోలకు లైసెన్సు ఒక్కటే చాలదు, తల్లిదండ్రుల అనుమతి ఉందని తెలియకపోతే వదిలేయండి.

ప్రవేశికను అన్నిటికంటే చివర తిరగరాయండి, నాలుగు పేరాలు దాటకుండా. కింద లేని సంగతి అందులో ఒక్కటీ ఉండకూడదు. వృద్ధాప్యం, పద్ధతులు, నమూనాల పరిమితి ఈ మూడూ అక్కడ కనబడుతున్నాయా చూసుకోండి. తర్వాత పేజీని వీక్షణ జాబితాలో పెట్టి, చూడాల్సి ఉండి చూడలేకపోయిన మూలాల జాబితాను చర్చ పేజీలో వదలండి. స్కాఫోల్డింగ్ వాక్యాన్ని ఎవరో ఒకరు మళ్లీ వైగోట్‌స్కీ పేరు మీదికి మార్చే అవకాశం ఎక్కువ. ఆ వాక్యం పక్కన, ఎడిటర్లకు మాత్రమే కనబడే వ్యాఖ్యగా 1976 పత్రం వివరం పెట్టి ఉంచితే చాలామంది అక్కడే ఆగిపోతారు.